ఇరవై అయిదో ఎక్కం

జూన్ కాగితం చింపి
ఎనుకకు తిప్పి గడులు గీసిన.
స్కేలు నందు బడిల పోగొట్టిండు,
తునికాకు కత్తిరించే రేకు పెట్టి గీసిన.
అందుకే ప్రతి గీత ఒక బీడీ పొడుగు పోయి
ఆగి, మళ్ల మొదలైతది.

కాగితం ముందటి దిక్కు తారీకు తారీకుకు
నేను చుట్టిన బీడీల లెక్క ఉంది.
వెయ్యి, తొమ్మిది నూర్లు, జరమొచ్చిన నాడు సున్న.
పెన్సిలు ఒత్తి రాసిన అంకెలాయె,
ఉల్టా తేలి
'తెలుగు' అన్న మాట కిందికెల్లి చూస్తున్నయి.

ఆరింటికి లెక్కలు అని రాసి కొట్టేసిన.
ఆరింటికి నల్లా, అదీ రోజు తప్పి రోజు.
కోరుట్లల మా గల్లీ నీళ్లు
ఎవ్వల పాఠం కోసం ఆగయి.
ఏడింటికి ఇంగ్లీషు అని రాసి
నవ్వొచ్చి కొట్టేసిన.
ఎనిమిదింటికి నందు
కంచంల చెయ్యి పెట్టే నిద్రపోతడు.
మిగిలింది అయిదున్నర,
ఇడిసిన చెప్పులు ఇంక ఎచ్చగనే ఉండే యాళ్ల,
బుక్కెడు పేలాలకు ఇద్దరు కొట్టుకునే యాళ్ల.

ఉన్నది ఒక్క అర్ర, ఒక్క బుగ్గ.
తంబాకు చాట తెరిచుంటే నందుకు తుమ్ములు,
హంసిక నోటుబుక్కుల పేజీ పేజీకి దుమ్ము.
బడిల పక్కపిల్ల ముక్కు మూసుకున్నదట.
అది చెప్పలే నాకు, నందు చెప్పిండు.

పాఠం ఉన్నంత సేపు చాట మూయాలె.
మూస్తే గంటకు నూటిరవై బీడీలు పోతయి,
వారానికి ఆరు గంటలు, ఏడు నూర్ల ఇరవై.
ఇరవై తొమ్మిది కట్టలకు అయిదు తక్కువ.

ఈ లెక్కకు నాకు కాగితం అక్కర లేదు.
కట్టకు ఇరవై అయిదు,
నాకొచ్చిన ఎక్కం అదొక్కటే.
హంసిక ఏడో ఎక్కం ఒప్పజెప్తుంటే
ఏడెనిమిదుల కాడ నా పెదవులు ఆగిపోతయి,
అది చూడనట్టు దూలం దిక్కు చూస్తది.
నా అయిదో తరగతిల, సగంల సగమెంతని
సారు బోర్డు మీద రాసిన మర్నాడే
నా ఒళ్లె చాట పెట్టిండ్రు.
సగంల సగం ఆ బోర్డు మీదనే ఉండిపోయింది.

ఇప్పుడు పిల్లలు పండినంక
హంసిక లెక్కల పుస్తకం నేను తెరుస్త.
ఒక ఆకుల మూడు బీడీలు పడితే
ఒక్కోటి మూడో వంతని
రాత్రి పదకొండింటికి తెలిసింది.
మరి పారేసే ఈనె ఏ వంతు?
పుస్తకంల లేదు.

సోమవారం మొదటి పాఠం.
సాప పరిచిన, చాట మీద పాత చీర కప్పిన.
పక్కింటి ఉజైర్ గడప మీద కూసోని
"చాచీ, నేను గిన్నుంచే వింట" అన్నడు.
వానికి గడి గియ్యలే నేను.
అంచుకు వాని పేరు రాసిన,
ఏత్వమో ఐత్వమో తెల్వక హంసికను అడిగి.

మూలకు దారం చుడుతున్న అత్త భూదవ్వ
"నా గడేది?" అన్నది.
అచ్చరాలొద్దట, అంకెలు చాలట.
ముప్పై ఏండ్ల సంది ఠేకేదారు రాసుడు,
ఆమె వేలిముద్ర ఏసుడు.
తీసేసినవెన్ని, ఎక్కించినవెన్ని,
ఒక్కసారన్న తన కండ్లతో చూడాలెనట.
శనివారం ఇచ్చిన.
సారు హంసిక.
"తొమ్మిదికి తలకాయ పైకుంటది నానమ్మా" అని అదిలిస్తే
ఆమె తను రాసిన ఆరును చూసి, పలక తిప్పి,
"గిట్ల పట్టుకుంటే తొమ్మిదేనాయె" అన్నది.

జులై అయిపోయింది.
ముందటి దిక్కు ఏ తారీకుకూ వెయ్యి లేదు.
ఎనిమిది నూర్ల ఎనభై, ఎనిమిది నూర్లు,
ఒక నాటి లెక్క నందు రాసినట్టుంది, వంకరగ.
కాగితం చింపిన.
ఆరింటి గడి నల్లాకు ఇడిసిపెట్టి
మళ్ల రేకు తీసిన.