టేర్ వెయిట్

"బ్యాంకాక్" అన్నాను.
వేబ్రిడ్జి గదిలో టీ గ్లాసులు ఒక్క క్షణం ఆగాయి.
దాలినాయుడు మీసం కింద నవ్వు దాచుకున్నాడు,
ఆ ఊరి పేరు వింటే మగాళ్లు నవ్వే నవ్వు.
"ఒక్కర్తివేనేటి, ఫిలోమినమ్మా?"
ఒక్కదాన్నే. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు.
అందులో ఒక పగలు సగం విమానానికే పోతుంది.

పంతొమ్మిదేళ్లుగా కాన్వెంట్ జంక్షన్ దగ్గర
లారీలు తూస్తున్నాను.
బొగ్గు, మాంగనీసు, ఎరువు, సోయా పిండి.
ఓడల్లోంచి దిగేవీ ఓడల్లోకి ఎక్కేవీ
నా కిటికీ ముందు నిమిషం ఆగి
అంకె అయి వెళ్లిపోతాయి.
దేశాలన్నీ నాకు దుమ్ముగానే తెలుసు.
జ్ఞానాపురంలో మా మేడ మీద ఆరేసిన తెల్ల చీర
సాయంత్రానికి ఏ రంగు తిరిగిందో చూసి
రేవులో ఏ సరుకు దిగుతోందో చెప్పగలను.

పాస్‌పోర్టుకి ఎంక్వైరీకొచ్చిన పోలీసాయన
"ఎందుకు వెళ్తున్నారు?" అన్నాడు.
"చూడ్డానికి."
"ఏం చూడ్డానికి?"
అది నాకూ ఇంకా తెలీదు. టీ ఇచ్చాను.

పాత రసీదుల వెనక ప్లాను రాస్తున్నాను.
ముందువైపు: గ్రాస్, 16,340 కిలోలు.
వెనకవైపు: మొదటి రోజు, నది మీద పడవ.
జెండా రంగు చూసి ఎక్కాలట.
మన ఇరవై ఎనిమిదో నంబరు బస్సుకీ
ఒక జెండా ఉంటే బాగుండేది.
తర్వాత పడుకున్న బుద్ధుడు.
భుజాలు కప్పుకుని వెళ్లాలట.
నాకేం, ఎప్పుడు కప్పుకోలేదు కనక.

మేనకోడలు సుజన్య ఫోను పట్టుకుని
ఒక్క రోజులో పద్నాలుగు చోట్లు ఇరికించింది.
పదహారు టన్నుల బండికి
ఇరవై రెండెక్కించిన డ్రైవర్ని ఎలా చూస్తానో
దాన్నీ అలాగే చూశాను.
ఒక్కొక్కటీ దింపించాను.
ఏనుగులు, దించు. మొసళ్లు, దించు.
ఎనభయ్యో అంతస్తు, దించు,
డాల్ఫిన్ నోస్ ఎత్తు చాలు నాకు.
పూల మార్కెట్టు మాత్రం ఉండనీ.
అర్ధరాత్రి బంతిపూలు దిగుతాయట అక్కడ.
ఆ మూటలు ఎవరు తూస్తారో, దేంతో తూస్తారో చూడాలి.

రెండో రోజు మధ్యాహ్నం, రెండు నుంచి అయిదు దాకా
ఏమీ రాయలేదు.
ఆ వేళకి వాన పడుతుందంటారు.
పడనీ.
ఏదో ఒక రేకు కింద నిలబడతాను.
పక్కనున్నవాళ్ల భాష నాకు రాదు,
స్లిప్పు అడిగేవాళ్లు ఉండరు.
ఇక్కడి వాన బొగ్గుని తడిపి బరువు పెంచుతుంది,
నీళ్లకి కూడా డబ్బులా అని పార్టీలు నా మీదికొస్తాయి.
అక్కడి వానకి నాకూ ఏ సంబంధమూ లేదు.

భయం లేదా అంటే, ఉంది.
విమానం కాదు, ఆ దేశం గుమ్మంలో కౌంటరు.
కిటికీకి లోపలి మనిషిని నేను.
బయట నిలబడి
నా కాగితం ఎవరో తిరగేస్తుంటే
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

సంచి ఏడు కిలోలు దాటకూడదన్నారు.
నిన్న రాత్రి డ్యూటీలో, బండ్లు లేని వేళ,
తీసుకెళ్లి తూనిక పలక నడిమధ్య పెట్టాను.
అరవై టన్నులు మోసే ఇనుము.
లోపలికొచ్చి చూస్తే సున్నా.
రెండు చీరలు, జీడిపప్పు పొట్లం, నీలగిరి తైలం, జపమాల,
ఏదీ లెక్కలోకి రాలేదు.
మళ్లీ వెళ్లి, సంచి పట్టుకుని నేనూ నిలబడ్డాను.
"ఎంతా?" అని అరిచాను.
కిటికీలోంచి దాలినాయుడు, ఈసారి నవ్వలేదు,
"డెబ్బయ్" అన్నాడు.
"ఇది టేరమ్మా. కాళీ బండి.
గ్రాసు తిరిగొచ్చాక సూద్దుం."

స్లిప్పు కొట్టి ఇచ్చాడు.
బండి నంబరు దగ్గర నా పేరు.
పార్టీ: సొంతం.
సరుకు అన్న గడి వదిలేశాడు.
మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాను.
అప్పటికే గేటు దగ్గర ఎరువుల లారీ ఒకటి,
హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా.