డిఫాల్టు: వద్దు

రాత్రి ఒకటిన్నర. కొంగారెడ్డిపల్లిలో కరెంటు
రెండుసార్లు పోయి వచ్చింది.
బిల్డు మూడోసారి పడిపోయింది.
ఏదో లైబ్రరీ కావాలంట, దానికి ఇంకొకటి కావాలంట.
ఒక్కరిని భోజనానికి పిలిస్తే
వియ్యంకుడి తోడల్లుడి ఊరంతా ఆటో దిగినట్టు
ఇంత ప్రోగ్రాము వెనక నలభై మూడు.

రాసినాయన ఎవరో, మొహం తెలీదు.
ఆరేళ్ళుగా దీన్ని ముట్టుకోలేదు.
పేరు కావలి.
నెల్లూరోళ్ళు తమ ఊరనుకుంటారేమో అని
ఒంటరిగా నవ్వుకుని
వెర్షన్ నంబరు పక్కన ఒక గీత, ఒక ఒకటి వేసినాను.
ఆ ఒకటి నాది.

దాని పని చిన్నదే.
తీగ మీద పోయే ప్రతి పొట్లాన్నీ చూస్తుంది.
యాడినించి, యాడికి, ఎంత బరువు, ఎన్ని గంటలకు.

ఇది మా నాయన పని.
గుడిపాల చెక్‌పోస్టులో ఇరవై రెండేళ్ళు
ట్యూబులైటు కింద, రెక్కల పురుగులు రాలే ఖాతాలో
చెంగల్రాయులు ఇవే నాలుగు గళ్ళు నింపినాడు.
వేలూరు నించి తోళ్ళు.
చిత్తూరు నించి బెల్లం.
టార్పాలిను విప్పే అధికారం ఉండేది ఆయనకు.
విప్పింది తక్కువ.

ఒక మాఘమాసం రాత్రి విప్పినాడు.
బెల్లం బస్తాల నడుమ
చెరుకు కొట్టి అరవదేశం తిరిగిపోతా ఉన్న రెండు కుటుంబాలు,
కత్తులకు గోనె చుట్టి, నిద్రలో.
టార్చి వెలుగుకి ఒక పిల్ల కళ్ళు తెరిచి
చెయ్యి అడ్డం పెట్టుకుంది.
నాయన తాడు మళ్ళా బిగించి,
డ్రైవరుతో మెల్లిగా పొమ్మని మాత్రం చెప్పినాడంట.

ఇప్పుడు నా ముందర ఒక ప్రశ్న ఉంది.
ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మిషను అడగాల్సిన ప్రశ్న:
మామూలు యూజర్లు కూడా పొట్లాలు విప్పి చూడొచ్చునా?
అవును. వద్దు.

ఎవరూ చదవరని నాకు తెలుసు.
నేనూ చదవను. ఎంటర్ నొక్కతా పోతాను.
కాబట్టి జవాబు వాళ్ళది కాదు,
వెలుగుతున్న గడిని నేను యాడ నిలబెడితే అది.

పాత ప్యాకేజీలో 'అవును' మీద ఉన్నింది.
పక్కకి జరిపినాను.
ఒక్క పదం మార్పు. ఛేంజ్‌లాగులో ఒక వరస.
కారణం అనే చోట ఏం రాయాలో తెలీక
'భద్రత' అని రాసినాను, అందరూ రాసేదే.

నాలుగ్గంటలకు మూట కట్టుకుంది,
ఒకే హెచ్చరికతో: మాన్యువల్ పేజీ లేదు.
రేపు రాస్తా.

ఆ సంవత్సరం ఖాతా నా బీరువాలో ఉంది.
పెన్ను సిరా గోధుమరంగుకి తిరిగింది.
బెల్లం, నూట అరవై బస్తాలు.
బస్తా యాభై కేజీలు; ఎనిమిది టన్నులు ఉండాల.
కాటా గళ్ళో ఎనిమిది టన్నుల మూడొందల పది.

సరుకు గళ్ళో మనుషుల్ని రాయలేదు నాయన.
బరువు గళ్ళో తగ్గించనూ లేదు.