రెండో బ్రేకు

షెఫీల్డులో చదునైన వీధి కోసం వెతుక్కోవాలి.
ఇరవైమూడేళ్ళుగా ఈ ఎత్తుల మీద
ఎవరెవరి పిల్లల చేతికో స్టీరింగు ఇచ్చి
పక్క సీట్లో కూర్చుంటున్నాను,
నా కాలికింద రెండో బ్రేకుతో.

అందుకే అడిగాను ఆవిణ్ణి.
బల్లమీద ప్లాస్టిక్ ప్రోస్టేటు, అక్రోటు కాయంత.
మాట్లాడుతూనే దాన్ని రెండు చెక్కలుగా విప్పి, మూస్తోంది.
"ఇప్పటికి ఎన్ని చేశారు?"
సుభాషిణి నా మోచెయ్యి గిల్లింది.
పెళ్ళిచూపుల్లో జీతం అడిగినట్టుందట.

మిస్ ఆల్డర్సన్ నవ్వలేదు.
"వెయ్యి దాటాయి. ఏడాదికి నూటనలభై.
అడగాల్సిన ప్రశ్నే.
చాలామంది పార్కింగు గురించి అడుగుతారు."

మా అమ్మమ్మ హస్తవాసి అనేది.
ఫలానా డాక్టరు నాడి పట్టుకుంటే చాలు
జ్వరం దిగుతుందని
రెండు బస్సులు మారి వెళ్ళేది.
అది పుట్టుకతో వచ్చేదనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇక్కడ దానికో కాగితం ఉంది, గళ్ళు గీసి:
ఎన్ని చేసింది, అంచుల్లో ఎందరికి మిగిలిపోయింది,
ఏడాది తిరిగేసరికి ఎందరు పొడిగా ఉన్నారు.
పొడిగా.
మూడేళ్ళు నిండాక ఆ మాట
నా గురించి ఎవరూ వాడలేదు.

బయట కుర్చీల్లో కెన్నెత్ పరిచయమయ్యాడు.
ఒకప్పుడు కత్తులకి సాన పట్టినవాడు.
నాలుగేళ్ళ కిందట ఎక్కడో చిన్న ఆసుపత్రిలో చేయించుకున్నాడు.
"మంచి కుర్రాడే. నెలకొకటి చేసేవాడు,"
అని ఊరుకున్నాడు.
కోటు విప్పలేదు. టాయిలెట్ తలుపు పక్క కుర్చీ వదల్లేదు.
నెలకొకటి!
నెలకోసారి కారెక్కేవాణ్ణి
నేనైతే పరీక్షకి పంపను.

మళ్ళీ లోపలికి పిలిచి ఆవిడంది:
"డాక్టర్ ఎబెలె నా దగ్గర నేర్చుకుంటున్నాడు.
మొదట కొంత అతను చేస్తాడు, రెండో కన్సోలు మీద.
నా చేతులు నా కన్సోలు మీదే ఉంటాయి.
ఏ క్షణంలోనైనా రోబోని నేను తీసుకుంటాను.
వద్దంటే వద్దు. మీ ఇష్టం."

అతను మూల నిలబడి ఉన్నాడు,
చేతులు వెనక్కి కట్టుకుని.
నాకు తెలిసిన నిలబడడమే అది.
మొదటి పాఠం రోజు మా పిల్లలూ
వణికే వేళ్ళని అలాగే దాచుకుంటారు.

వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని సామెత.
చిన్నప్పుడు తెగ నవ్వాం.
ఈవిడ వెయ్యిలో మొదటి యాభైమంది
ఇప్పుడు ఎక్కడున్నారో.
నా నరాన్ని తెగకుండా వదిలిపెట్టడం
ఎవరి నరం మీద నేర్చుకుందో.
ఏ ఇంట్లో, ఏ మంచం మీద
గోడవైపు తిరిగి పడుకున్నాడో ఆ మనిషి.

సంతకం పెట్టాను. గొప్పతనమేం కాదు,
"వద్దు" అనడానికి నోరు రాలేదంతే.
సుభాషిణి రెండురోజులు మాట్లాడలేదు.
మూడోరోజు అంది,
"నీ ఒళ్ళేమైనా ఎల్ బోర్డు కారనుకున్నావా?"

లోపల ఎవరు ఎంత చేశారో తెలీదు.
నేను నిద్రలో ఉన్నాను.
ట్యూబు తీశాక ప్యాడ్లు రోజుకి ఐదు,
తర్వాత మూడు,
ఇప్పుడొకటి, అదీ భయానికి.
మిగతాది అడక్కండి. ఇంకో ఏడాది చూడమన్నారు.

నిన్న మేగన్, పద్దెనిమిదేళ్ళ పిల్ల,
నిట్రమైన ఎత్తు మధ్యలో సిగ్నల్ దగ్గర ఆగింది.
వెనక, మా బంపరుకి ఆనుకున్నట్టు, బస్సు.
పచ్చలైటు పడింది.
కారు జానెడు వెనక్కి జారింది.
నా కాలు బ్రేకుమీదికి వెళ్ళింది.
తొక్కలేదు.
ఊపిరి బిగబట్టాను,
ఆసుపత్రివాళ్ళు నేర్పిన ఆ కండరాన్ని కూడా.
క్లచ్చి దొరికింది పిల్లకి. ఎక్కేసింది.

ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను:
మేగన్, పదకొండో పాఠం.