క్రియ చివర

న్యూ మాల్డెన్ లైబ్రరీ మేడ మీద
మంగళవారం ఆరున్నర క్లాసు.
రేడియేటర్ పక్కన నీళ్లు కారుస్తూ ఏడు గొడుగులు.
చేపల కౌంటర్ నుంచి ఏప్రన్ వాసనతోనే వచ్చిన ఓక్‌సున్ గారు
ఫిష్‌ని పిష్ అంటారు.
పైపళ్లతో కింది పెదవి నొక్కి చూపిస్తాను.

చొక్కా లోపలి వెస్ట్‌నీ, పడమటి వెస్ట్‌నీ
నేను ఒకేలా పలుకుతానని
మొన్న పరీక్షించడానికొచ్చినామె రాసిచ్చిన కాగితం
ఇంకా నా బ్యాగులోనే ఉంది.

బోర్డు మీద కర్త, క్రియ, కర్మ.
క్రియని జుట్టు పట్టి మధ్యకి లాక్కొస్తాం.
వారం తిరిగేసరికి
అది మళ్లీ చివరికే పోయి కూర్చుంటుంది.
మా ఇంట్లోనూ దాని పీట అక్కడే.

ఇవాళ ఓక్‌సున్ గారు లేచి నిలబడ్డారు.
"మా ఆయన, సోమవారం, కింగ్‌స్టన్ ఆస్పత్రి నుంచి, ఇంటికి..."
ఆగారు. మాట కోసం ట్యూబులైటు వైపు చూశారు.
కింద బస్సు తలుపు మూసుకున్న చప్పుడు.

ఈ ఊరివాళ్లయితే ఈపాటికి ఏదో ఒకటి అందించేసేవాళ్లు.
వచ్చాడో రాలేదో
ఆఖరి అక్షరం దాకా తెలియని భాషలో పెరిగినదాన్ని,
మార్కర్‌కి మూత పెట్టి కూర్చున్నాను.

"కమ్" అన్నారు,
భూతకాలం లేకుండా.
దిద్దలేదు.