రాత్రి రెండింటి బీపీ

ఎథిక్స్ క్లాసు ఎప్పుడూ అన్నాలయ్యాకే పెడతారు.
ఒంగోలు ఎండ కిటికీ ఊచల్ని తెచ్చి
బల్లల మీద పరుస్తుంది.
బోర్డు మీద 'నిజాయితీ' అని రాశాను.
ముప్ఫై రెండు పెన్నులు దించుకున్నాయి.
చెరిపేశాను.

పదకొండేళ్ల కిందట, మగవాళ్ల వార్డు.
చీమకుర్తి క్వారీలో రాయి కోసే మాలకొండయ్య.
దగ్గితే
దుప్పటి మీద రాతిపొడి రాలుతుందేమో అనిపించేది.
రాత్రి రెండింటికి బీపీ చూడాలి.
నలభై ఆరు మంచాలు, నేనొక్కదాన్ని.
చూడలేదు.
చూసినట్టు రాశాను:
నూట ఇరవై, ఎనభై.
చక్కటి అంకెలు. వాటినెవరూ నిలదీయరు.

"చచ్చిపోయాడా మేడమ్?"
వెనక బెంచీలోంచి కెజియా, కనిగిరి పిల్ల.

లేదమ్మా, బతికాడు.
ఇంటికెళ్లే రోజు రెండు బత్తాయిలు చేతిలో పెట్టి
"రేయంతా నన్నే కనిపెట్టుకోనుండావు తల్లే" అన్నాడు.

పోయుంటే విచారణ జరిగేది,
మెమో వచ్చేది, ఏదో ఒకటి తేలేది.
ఆ బత్తాయిలు
తినలేక, ఎవరికీ ఇవ్వలేక
డ్యూటీ గది అలమరలో పెట్టాను.
ఎండి, గోళీలంతయ్యాయి.

క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.
పరీక్షకొస్తుందా అని
ఈసారి ఎవరూ అడగలేదు.

సాయంత్రం ల్యాబులో
ఒకరి చేతికొకరు పట్టీ చుట్టి చూసుకుంటున్నారు.
కెజియా నూట పద్దెనిమిది అని రాసింది,
గీత పెట్టి ఆగింది,
చెవుల్లో గొట్టాలు సర్దుకుంది.
"కింది అంకె సరిగ్గా వినపళ్లేదు మేడమ్,
మళ్లీ చూస్తా."