షౌఖుకు ఆడినోడు

కోర్టుకు ముందుగాల నీళ్ళు చల్లాలె.
మొరం బొటనవేలికి అంటీ అంటనప్పుడు
రోలర్ గుంజాలె. ఇద్దరు గుంజే రోలర్.
మా నాయిన పోయినంక నేనొక్కన్నే గుంజిన.
సున్నం గీత వంకరపోతే జీతం కోసెటోళ్ళు.
నెలకు నాలుగు రూపాయలు, హాలీ సిక్క.
ఆ నాలుగు రూపాయల ముచ్చట మళ్ళ వస్తది,
యాది పెట్టుకోండ్రి.

ఫసలీ పదమూడు వందల నలభై ఆరు.
హన్మకొండ సుబేదారి క్లబ్బుల
తెల్ల పాయింట్లు ఏడు, తెల్ల తోళ్ళు రెండు.
ఎనిమిదో పాయింటు మడికొండ శేషాచలానిది,
తాలూకాదారు కచేరీల పేష్కారు.
పాత ధోతిని దర్జీ మహబూబలి పాయింటు చేసిండు,
గాలి కొడితే మోకాలు అగుపడేది.
మొదటి దినం అందరు నవ్విండ్రు.
మొదటి దినమే.

ఆయన బ్యాక్‌హ్యాండు ఎవ్వలు నేర్పింది కాదు.
మిసిలు కట్టలను ఎడమ నుంచి కుడికి
జరిపీ జరిపీ వచ్చిన చెయ్యి అది.
బంతి నెట్టు మీదికెల్లి దుంకేది కాదు,
నెట్టును అడిగి పోయినట్టు పోయేది.

పొద్దుగాల ఐదింటికి, సాబులు లేవకముందు,
పద్మాక్షి గుట్ట ఇంకా నల్లగున్నప్పుడు
"ఓదెలూ, అవతలికి నడువ్" అనెటోడు.
బంతులు ఏరే పోరన్ని. కాళ్ళకు చెప్పులు లేవు.
చేతుల పాత బ్యాటు,
తీగ తెగిన కాడ సుతిలి కట్టిన.
ఏడాది తిరిగేవరకు
ఆయన బంతి ఏడ పడతదో
ఆయనకంటె ముందు నా మడిమెలకు ఎరుక.

పుష్యమాసం. మంచుల నెట్టు కూడ సరిగ కానొస్తలేదు.
ఆరు, రెండు.
ఆరు నాది.
నెట్టు కాడికి వచ్చి చెయ్యి చాపిండు.
అలవాటున చేతుల బంతి పెట్టిన.
"బంతి కాదురా," అన్నడు, "చెయ్యి."

సికింద్రాబాదుల పెద్ద పోటీలన్నరు.
రెండు కాయిదాలు తెప్పిచ్చిండు, తనకొకటి, నాకొకటి.
ఉర్దూల చదివి తెలుగుల చెప్పుకుంట
నాది ముందు నింపిండు. పేరు. తండ్రి పేరు. ఊరు.
ఐదో సవాలు కాడ కలం ఆగింది.
ఈ ఆట మీద ఎన్నడన్న పైసా తీసుకున్నవా?
సిరా బొట్టు కారి
మా నాయిన పేరు మీద పడ్డది.

షౌఖుకు ఆడెటోనికే పోటీ.
పొట్టకు ఆడెటోనికి రోలర్.

"లేదని రాద్దమా?" అన్నడు, మెల్లగ.
మిసిల్ల ఒక్క అచ్చరం తప్పు రాయని మనిషి.
"ఒద్దు సారు.
ఆ నాలుగు రూపాయలు అబద్ధమైతే
మా అవ్వ తిన్న గట్క అబద్ధమైతది."

ఒక్కడే పోయిండు.
కాజీపేటల మూడో తరగతి డబ్బా,
ఒడిల బ్యాటు, తువ్వాలల సద్ది.
మూడు ఆటలు గెలిచి
నాలుగోది బొల్లారం కప్తాను చేతుల ఓడిండు.
పత్రికల పేరు పడ్డది, 'మెదకొండ' అని.
ఆ ముక్కను కత్తిరిచ్చి, తప్పు దిద్ది, దాచుకున్నడు.

అట్ల తొమ్మిదేండ్లు. నాందేడు, బీదరు, ఔరంగాబాదు.
ఎవ్వలి పైసా ముట్టలే,
రైలు కిరాయికి ఆండాళమ్మ కడియాలు కుదువ పోయినయి.
గరీబోనికి షౌఖు చాన పిరం.
నాకంటె ఎక్కువ ఆయనే కట్టిండు.

పోలీసు యాక్షన్ అయినంక సాబులు పోయిండ్రు,
గీతల మీద పల్టన్ లారీలు నిలిచినయి.
రోలర్ ఇప్పటికీ ఆడనే ఉన్నది,
గుంజుకపోను ఎవ్వలికి చాత కాలే.

పోయే ముందటి వారం, కుమార్‌పల్లి ఇంట్ల,
కండ్లు తెరవకుండనే అడిగిండు:
"ఓదెలూ, ఆ మంచు పొద్దు స్కోరెంతరా?"
ఆండాళమ్మ నా దిక్కు చూసింది.
"సమానం సారు," అన్న.

పెదవి ఒక పక్కకు వంగింది.
"కాయిదం మీద రాస్తనంటే ఒద్దన్నవు.
ఇప్పుడెందుకురా అబద్ధం?"