అవతలి పుట

హన్మకొండ నుంచి పరకాల పోయే తొవ్వల
పాత తాసిల్ కచేరి.
ఇప్పుడు మ్యూజియం. పెద్దలకు పది, పిల్లలకు ఐదు,
సోమవారం సెలవు.
టికెట్లు చింపేది నేనే.

డంగుసున్నం గోడలు. రోహిణి ఎండల్ల సుత సల్లగుంటయి.
మొగురాల సందుల గబ్బిలాలు అట్లనే ఉన్నయి,
వాటికి ఎవ్వలూ నోటీసు ఇయ్యలే.
వసారల నల్లటి టేకు బల్ల,
దానిమీద బోర్డు: "కూర్చోరాదు."
అప్పట్ల పట్వారీలు కూసునేటోళ్లట.
రైతులు మెట్ల కింద, చెప్పులు చంకల పెట్టుకొని.
అప్పుడు బోర్డు లేదు.
బోర్డు లేకున్నా అందరికి ఎరుకే.

లోపల అద్దాల పెట్టెలల్ల
సిరాబుడ్డి, లక్క ముద్ర,
భూమి కొలిచిన జరీబు గొలుసు.
"దీంతోని మనుషులను కట్టేసేటోళ్లా?"
బడిపిల్లగాడు అడిగిండు. టీచరు కాదన్నది.
నేను చిల్లర లెక్కబెట్టుకున్న.

నడిమి పెట్టెల పహాణీ,
ఫసలీ పదమూడు వందల నలభై నాలుగు.
ఒక్క జాగల తెరిచిపెట్టిండ్రు, మళ్ల ముట్టలే.
కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ,
బెల్లం రంగుకు తిరిగిన సిరా,
అంచుకు ఎవలిదో బొటనవేలు.
చదివేటోడు ఒక్కడే, ఊకే జహంగీరు చిచ్చా.
ఆయన నాయిన ఇక్కడనే నకలు గుమాస్త.

మొన్న శుక్రవారం ఓదెలు వచ్చిండు,
ప్లాస్టిక్ కవర్ల పాసుబుక్కు.
టికెట్టు కొన్నడు. అద్దం మీద వంగిండు.
"మా తాతది సూడు చిచ్చా,
కొత్తకుంట కింద ఎకురం పది గుంటలు."
చిచ్చా చీపురు గోడకు ఆనిచ్చి
పుట పుటంత చదివిండు,
చచ్చిపోయినోళ్లందరిని పేరు పెట్టి పిలిచినట్టు.
ఆఖరి వరుస దగ్గర ఆగిండు.
"ఊరు మీదే. కుంట మీదే.
మీ తాత అవతలి పుటల ఉంటడు."
"తిప్పు మరి."

పెట్టె తాళంచెవి హైదరాబాదుల.
దానికి అర్జీ, అర్జీకి సంతకం,
సంతకం పెట్టే సారుకు బదిలీ.
ఓదెలు నా దిక్కు చూసిండు.
నా నోట్లకెళ్లి అదే వచ్చింది:
"రేపు రా పెద్దయ్యా."

అన్నీ అద్దాలల్ల పెట్టిండ్రు గని
ఆ మాట బయటనే మరిచిండ్రు.
ఇంకా పనిజేస్తున్నది, తుప్పు పట్టకుంట.

ఓదెలు ఏమనలే.
వసారలకు పోయి బోర్డు పక్కకు జరిపి
బల్ల మీద కూసున్నడు.
చిచ్చా పోయి పక్కన కూసున్నడు.
భూమి ముచ్చట కాదు,
మోకాళ్ల నొప్పులు, ఈ యేడు మిరప ధర.

ఐదు దాటింది. మూయాలె.
తాళాలగుత్తి పట్టుకొని గడపల నిలవడ్డ.
బల్ల మీద ఇంకొకరికి జాగ ఉండె.